గుట్ట కింద గుంట

ఈ ఊళ్ళో ఎండ కాస్తుండగానే వరద వస్తుందంటే బయటివాళ్ళు నమ్మరు. మొదట్లో నేనూ నమ్మలేదు. అమీర్‌పేటలో మా సందులో నెత్తిమీద చుక్క పడదు. దండెం మీద బట్టలు ఆరుతూనే ఉంటాయి. కానీ పడమర దిక్కున జూబిలీహిల్స్ మీద మబ్బు విరుచుకుపడిందంటే, కాసేపటికి ఎర్రటి బురదనీళ్ళు కృష్ణానగర్, యూసుఫ్‌గూడల మీదుగా దారి వెతుక్కుంటూ మా వీధి మలుపులో ప్రత్యక్షమవుతాయి. పిలవని చుట్టాలు అడ్రసు కనుక్కుని మరీ వచ్చినట్టు వస్తాయి. వచ్చాక ముందు దిగేది మా షాపులోకే. ఎందుకంటే మాది సెల్లార్.

మా ఆయనది గోదావరి పక్క ఊరు. నేను మబ్బు చూసి కంగారుపడినప్పుడల్లా ఆయనకు నవ్వు. "ఏంటి నువ్వు, సముద్రానికి ఐదొందల మీటర్ల పైన కూర్చుని వరదొస్తుందంటావు?" అంటాడు. ఫోన్‌లో వాతావరణం చూపిస్తాడు. అందులో ఎండ బొమ్మ ఉంటుంది. వాళ్ళ వైపు వరదంటే నది నిండి, గట్టు దాటి, కిందనుంచి పైకి లేచేది. ముందే కబురు తెలుస్తుంది, గొడ్డూ గోదా తోలుకుని మెరకకు చేరతారు. మాకు వరదంటే పైనుంచి కిందికి దిగేది. అది కబురు పంపదు. ఈ తేడా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు నేను చెప్పి ఒప్పించలేకపోయాను.

పంజాగుట్ట పేరులో గుట్ట ఉంది గానీ అది ఎక్కడుందని అడిగితే ఎవరూ చూపించలేరు. ఫ్లైఓవరూ, చీరల షాపులూ, ఆసుపత్రులూ, మెట్రో స్తంభాలూ కలిసి దాన్ని కప్పేశాయి. అయినా గుట్ట ఎక్కడికీ పోలేదు. జనాన్ని కుక్కుకున్న ఆటో అమీర్‌పేట నుంచి ఆ వైపు ఎక్కుతుంటే ఇంజను మూలుగుతుంది, అదీ గుట్ట. సాయంత్రం నడిచి వెళ్తే మోకాళ్ళు నొప్పెడతాయి, అదీ గుట్టే. బండల మీద కట్టుకున్న ఊరు మాది. ఎక్కడ తవ్వినా రాయే. ఉన్న కాస్త మట్టినీ సిమెంటుతో మూసేశాం కాబట్టి వాన ఇంకడానికి చోటు లేదు, దొర్లుకుంటూ పోవాల్సిందే. బోరబండ రేకుల మీద పడిన చినుకూ, జూబిలీహిల్స్ బంగళా డాబా మీద పడిన చినుకూ మా సందుల్లోనే కలుసుకుని నాలాలోకి, నాలా నుంచి హుస్సేన్‌సాగర్‌లోకి, అక్కడినుంచి మూసీలోకి పోతాయి. మాలో చాలామందికి మూసీ అంటే పాతబస్తీకి పోయేటప్పుడు వంతెన మీద ముక్కు మూసుకునే చోటు. నాకు మాత్రం అది మా షాపు మెట్ల దగ్గర మొదలవుతుంది. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. దేవుడి సంగతి నాకు తెలియదు గానీ నీటి సంగతి మాత్రం బాగా తెలుసు.

దీనివల్ల నాకో పాడు అలవాటు పట్టుకుంది. ఎవరింటికి పేరంటానికి పోయినా ముందు గడప ఎత్తు చూస్తాను. కొత్త వీధిలో అడుగుపెడితే ఇక్కడ వానపడితే నీళ్ళు ఎటు పోతాయా అని కళ్ళు వాటంతటవే వెతుకుతాయి. మా చెల్లెలు ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి పిలిస్తే, పాలు పొంగుతుంటే పొయ్యి దగ్గర ఉండకుండా బయటికి పోయి మురుగు కాలువ వాలు చూశానని ఇప్పటికీ దెప్పుతుంది. మృగశిర మొదలైన దగ్గర్నుంచి చిత్త, స్వాతి వెళ్ళేదాకా నాకు కుదురుండదు. కాలు కాలిన పిల్లిలా షాపు మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాను. పడమర చూస్తాను, మళ్ళీ దిగి కత్తెర పట్టుకుంటాను. కత్తిరించబోయే ముందు మళ్ళీ ఎక్కి చూస్తాను. కింద కూర్చుని ఇదంతా చూస్తూ కూడా ఏ మాత్రం చలించనివాడు ఒక్కడే, మా బాపు.

సెల్లార్ ఎంచుకున్నది ఆయనే. మాది చేనేత కుటుంబం. బాపు సగం జీవితం మగ్గం గుంటలో గడిచింది. గుంట మగ్గం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేలలో ఒక గొయ్యి ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించుతాడు. చేతులు పైన నేస్తుంటే కాళ్ళు కింద చెక్కలు తొక్కుతాయి. గుంటలో ఎప్పుడూ చల్లగా, కాస్త తడిగా ఉండాలి. గాలి పొడిబారితే పడుగు దారాలు పుటుక్కుపుటుక్కుమని తెగుతాయి. అందుకే ఎండాకాలం గుంటచుట్టూ నీళ్ళు చల్లేవాళ్ళం, కిటికీలకు తడి గోనెసంచులు కట్టేవాళ్ళం. ముసురుపట్టి గుంట గోడలు చెమ్మగిల్లితే మా ఇంట్లో పండగ. ఆ రోజు బట్ట సాఫీగా దిగేది, బాపు కోపం లేకుండా అన్నం తినేవాడు. పల్లం, చెమ్మ, చల్లదనం అంటే మాకు అన్నం పెట్టేవి. ఆ ఆలోచన ఆయన ఎముకల్లో ఉంది.

నేత పని దొరక్కుండా పోయాక ఈ ఊరొచ్చాం. నేను జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. అమ్మ పోయాక బాపు నాతోనే ఉండిపోయాడు. షాపు పెట్టాలనుకున్నప్పుడు పంజాగుట్ట ఎత్తులో ఒక గది చూశాం. రెండో అంతస్తు, కిటికీ తీస్తే గాలి దూసుకొచ్చేది. నాకు తెగ నచ్చింది. బాపు గుమ్మంలోనే నిలబడి పెదాలు తడుపుకున్నాడు. తర్వాత అమీర్‌పేట సందులో ఈ సెల్లార్ చూపించారు. మెట్లు దిగి, గోడ మీద అరచేయి పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. మొహం విప్పారింది. "ఈడ మంచిగుంది బిడ్డా. దారం బతుకుతది" అన్నాడు. మేం మగ్గం పెట్టడం లేదు, కుట్టుమిషన్లు పెడుతున్నామని నేను మొత్తుకున్నాను. కుట్టుడు సుత దారమే కదా అన్నాడు. ఎత్తూ పల్లం తెలియని వయసు నాది, ఆయన మాట కాదనలేకపోయాను. బండల మీది ఊళ్ళో, వాలుకు అడుగున, పల్లపు సందులో, నేల కింది గది. నేతగాడు తప్ప ఇంకెవరూ దాన్ని చూసి ముచ్చటపడరు.

ఇంకా ఉంది. ఆ సెల్లార్‌లో ఒక మూల పాత మోటారు గుంట ఒకటి ఉండేది. మోటారు ఎప్పుడో తీసేశారు. ఓనరు దాన్ని సిమెంటుతో పూడ్చిస్తానన్నాడు. బాపు వద్దన్నాడు.

మా పైన, రోడ్డు మట్టానికి, లేసులూ గుండీలూ జరీదారాలూ అమ్మే షాపు ఉంది. దాని యజమానిని నేను చాచా అంటాను. వయసులో ఉన్నప్పుడు ఆయన జరీపని చేసేవాడట. చూపు తగ్గాక అమ్మకానికి కూర్చున్నాడు. బాపు పనిలేక మిషన్ల మధ్య తిరుగుతూ నా పనికి వంకలు పెడుతుంటే, నా అవస్థ చూసి చాచానే ఆయనకు కొక్కెం సూది చేతికిచ్చి మగ్గం వర్క్ నేర్పాడు. చెక్క ఫ్రేముకు బట్ట బిగించి, పైనుంచి సూది దించి ముత్యాలూ చమ్కీలూ కుట్టడాన్ని జాకెట్ల వ్యాపారంలో అందరూ మగ్గం అనే అంటారు. ఈ పేరు విన్న రోజున బాపు చాలా అవమానపడ్డాడు. "మగ్గమంటే కాళ్ళు సుత పని చెయ్యాలె. గిదేం మగ్గం?" అన్నాడు. అయినా చెయ్యి తిరిగింది. చెయ్యి తిరిగాక ఫ్రేమును తీసుకుపోయి ఆ మోటారు గుంట మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అంచున గోనెపట్టా పరుచుకుని, కాళ్ళు గుంటలోకి దించుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి అదే ఆయన చోటు. పని చేస్తున్నంతసేపూ కింద కాళ్ళు మెల్లగా కదులుతూనే ఉండేవి, తొక్కడానికి అక్కడ ఏమీ లేకపోయినా.

పెళ్ళికూతుళ్ళు మెట్లు దిగొచ్చి, గుంటలో కూర్చున్న ముసలాయన్ని చూసి ముందు బిత్తరపోయేవాళ్ళు. తర్వాత ఫోటో తీసుకునేవాళ్ళు. బాపుకు అదొక వైభవం.

నేను మాత్రం ఏటా నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మెట్ల మీద చూసుకుంటూ బతికాను. ఒక ఏడాది పై మెట్టు తడిసింది. ఆ మరుసటి ఏడాది మెట్ల మొదట్లో ఇటుకలతో చిన్న అడ్డుగోడ కట్టించాను. కస్టమర్లు తట్టుకుని నన్ను తిట్టుకునేవాళ్ళు. ఇసుక మూటలు తెచ్చి పక్కన పేర్చాను. షాపు మారుద్దామని బాపును ఏటా అడిగాను. బతిమాలాను, అలిగాను, ఒకసారి రెండు పూటలు మాట్లాడటం మానేశాను. "వానకు గంత ఫికరువడితె బతుకుడెట్ల?" అన్నాడు. ఇంకోసారి అడిగితే, మా ఊళ్ళో కరువులో కూడా తాను గుంట వదల్లేదని చెప్పాడు. నాకు ఒళ్ళు మండేది. నా భయం షాపు గురించి కాదని ఆయనకు ఎలా చెప్పాలో తెలిసేది కాదు. ముసలి మనిషి, వాలుకు అడుగున గదిలో, గదికి అడుగున గుంటలో కూర్చుని ఉంటాడు. లేవాలంటే అంచు పట్టుకుని, ఒక కాలు తర్వాత ఒక కాలు పైకి లాక్కోవాలి. నేను లేనప్పుడు నీళ్ళొస్తే ఎలా అన్నదే నా రంధి.

నేను లేనప్పుడే వచ్చాయి.

ఉత్తర కార్తె నడుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంది, ఆకాశం తేటగా ఉంది. ఒక కస్టమరుకు జాకెట్ ట్రయల్ చూపించడానికి పంజాగుట్టలో ఆమె ఆఫీసుకు వెళ్ళాను. పెద్ద భవనం, పై అంతస్తు. ఆమె జాకెట్ వేసుకొచ్చేలోగా కిటికీ దగ్గర నిలబడ్డాను. అలవాటుగా పడమర చూశాను. జూబిలీహిల్స్ కనిపించడం లేదు. కొండ ఉండాల్సిన చోట తెల్లటి తెర దిగి ఉంది. కింద రోడ్డు మీద మాత్రం ఎండ. మెట్రో రైలు ఎండలో మెరుస్తూ పోతోంది. ఆమె వచ్చి చంక దగ్గర పట్టేసిందని చెబుతుంటే నాకు సగమే వినబడింది. గుండుసూదులు ఆమె చేతిలోనే పెట్టేసి బయటపడ్డాను. మంచి కస్టమరు, మళ్ళీ రాలేదు.

బాపుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. చేతిలో దారం ఉండగా ఆయన ఫోన్ ఎత్తడు. నేసేటప్పుడు ఎవరు పిలిచినా పలకకూడదన్నది పాత పద్ధతి. పడుగులో దారం నడిపే నాడె చేతిలో ఉంటే యముడొచ్చినా అరుగు మీద కూర్చోమనాలని మా తాత అనేవాడట. చాచాకు చేశాను. ఆయన కూడా ఎత్తలేదు. అది అసర్ నమాజు వేళ, ఫోన్ సైలెంటులో పెట్టి మసీదుకు పోయి ఉంటాడు. ఆటోల వాళ్ళు బండ్లు కదలక నిలిచిపోయిన కూడలి చూపించి తల అడ్డంగా ఊపారు. పరుగున మెట్రో ఎక్కాను. ఒక్కటే స్టేషను, కానీ రైలు కదిలేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

రైల్లో చల్లగా ఉంది. పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. తలుపు అద్దంలోంచి కిందికి చూస్తే, ఎండ పడుతున్న రోడ్డు మీదికి పక్క సందుల్లోంచి ఎర్రనీళ్ళు నాలుకల్లా బయటికి వస్తున్నాయి. స్కూటర్ల వాళ్ళు ఆగి, ఆకాశంకేసి చూసి, నీళ్ళకేసి చూస్తున్నారు. నేను వాటితో పందెం వేసుకున్నట్టు ఉంది. నేను పైన, అవి కింద, ఇద్దరం ఒకే చోటికి. నా పక్కన నిలబడ్డ ఒకామె, ఏమైందక్కా ఏడుస్తున్నవ్ అని అడిగింది. ఏడుస్తున్నానని నాకప్పటిదాకా తెలియదు.

సందు మొదట్లోకి వచ్చేసరికి నీళ్ళు పిక్కలు దాటాయి. చెప్పు ఒకటి పోయింది. నేను కట్టించిన అడ్డుగోడ కనిపించలేదు, దాని మీదుగా నీళ్ళు మెట్ల మీదికి నున్నగా జారుతున్నాయి. చాచా నమాజు నుంచి తిరిగొచ్చినట్టున్నాడు. ప్యాంటు మడిచి, మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి లోపలికి కేకలేస్తున్నాడు.

"మెయిన్ బంద్ చేసిన బేటీ, కరెంటు ఫికర్ లేదు. ఎంత పిలిచినా మీ బాపు వస్తలేడు. నువ్వు చెప్పు" అన్నాడు.

లోపల చీకటి. పైన వెంటిలేటర్ నుంచి పడే వెలుగు ఒక్కటే ఉంది, అది సరిగ్గా బాపు మూలన పడుతోంది. నేలంతా నీళ్ళు, కత్తిరించిన గుడ్డముక్కలు తేలుతున్నాయి. గుంట నిండిపోయి నేలతో కలిసిపోయింది. గుంట ఎక్కడ మొదలవుతుందో బాపు కూర్చున్న చోటును బట్టే తెలుస్తోంది. నడుము దాకా తడిసి, ఫ్రేము మీదికి వంగి, ఆయన కుడుతున్నాడు. కస్టమర్ల జాకెట్ల సంచులన్నీ తన భుజాల మీద వేసుకుని ఉన్నాడు.

"చూడు బిడ్డా, పొద్దుగాల్నుంచి దారం ఒక్కపారి సుత తెగలే" అన్నాడు.

ఆ క్షణంలో నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. ప్రేమ అంటారు గానీ, అది కోపమే. లే బాపూ అని అరిచాను. కదల్లేదు. నీళ్ళలో దిగి, ఫ్రేము లాగి పక్కకు విసిరేసి, చంకల కింద చేతులు వేశాను. చాచా వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. గుంటలోంచి కాళ్ళు లాగుతుంటే బురద వదల్లేదు, బాపు బరువుకు ముగ్గురం ఒకసారి కూలబడ్డాం. మెట్ల మీద వెనక్కి జారకుండా చాచా కింద నిలబడి తన భుజం ఆయన నడుముకు ఆనించాడు. పైకి తెచ్చి లేసుల షాపులో కూర్చోబెట్టేసరికి వెలుతురు పోతోంది. మా సందులో అప్పటికీ చినుకు పడలేదు.

చాచా తన లుంగీ ఇచ్చి, చాయ్ తెప్పించి తాగించాడు. నేను మాత్రం ఆగలేదు. గుంటలో నీళ్ళొస్తే పండగ అనుకోవడానికి ఇది మన ఊరా అని తిట్టాను. ఇక్కడ చెమ్మంటే అన్నం కాదు, చావు అన్నాను. బాపు చాయ్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు నిజంగానే తెలియలేదనుకున్నాను. ఎన్నో ఏళ్ళు పాదాలకు తడి తగిలితే మంచి రోజనుకున్న మనిషి, ఆ రోజు కూడా అలాగే అనుకుని ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నెల తిరక్కుండా షాపు పంజాగుట్ట వైపు ఎత్తులోకి మార్చేశాను. రెండో అంతస్తు. మా ఊళ్ళో ఉత్తర చూసి ఎత్తర గంప అనేవాళ్ళు. ఉత్తరలో కూడా వాన రాకపోతే ఇంక ఆశ వదులుకుని గంప నెత్తికెత్తుకుని వలసపోవాలని. ఇక్కడ వాన వచ్చినందుకు గంప ఎత్తాం. అది చెబితే బాపు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

కొత్త షాపులో వెలుతురు పుష్కలం. గాలి కూడా. చలికాలం రాగానే ఆ గాలి మరీ పొడిబారింది. పెదాలు పగిలాయి, చీర కుచ్చిళ్ళు చిటపటలాడేవి. ఎత్తు మీద ఉన్న ఊరు కదా, మాఘంలో తెల్లారి చలి వేస్తుంది, మధ్యాహ్నానికి గొంతు ఎండిపోతుంది. బాపుకు ఎత్తైన స్టూలు చేయించాను, ఫ్రేముకు కాళ్ళు పెట్టించాను. కూర్చునేవాడు, సూది దించేవాడు, దారం తెగేది. మళ్ళీ గుచ్చేవాడు, మళ్ళీ తెగేది. తెగనప్పుడు కూడా తెగిందనేవాడని నాకు అనుమానం. కొద్దిరోజులకు పని మానేసి కిటికీ దగ్గర చేరాడు. ఎవరు పలకరించినా ముక్తసరిగా మాట్లాడేవాడు. చాచా సాయంత్రాలు మెట్లెక్కి వచ్చి కాసేపు కూర్చునేవాడు. ఇద్దరూ కిటికీలోంచి కింద పోయే ఆటోలు చూసేవాళ్ళు. కూర్చున్నంతసేపూ బాపు పాదాలు గాలిలో తొక్కుతూనే ఉండేవి. చాచా వాటిని చూసి, నావైపు చూసి వెళ్ళిపోయేవాడు.

నాకు మనశ్శాంతి వస్తుందనుకున్నాను, అదీ రాలేదు. మబ్బు చూడాల్సిన పని లేకపోయినా చూస్తున్నాను. పాత సెల్లార్‌లో ఒక జిరాక్స్ షాపు అతను దిగాడు. గుంట పూడ్పించేశాడు. వెళ్ళి నీళ్ళ సంగతి చెప్పాను. చూద్దాం మేడమ్ అన్నాడు మర్యాదగానే. జూబిలీహిల్స్ మీద మబ్బు పడితే అతనికి ఫోన్ చేస్తాను. ఈమధ్య ఎత్తడం మానేశాడు.

ఒకరోజు పెళ్ళి జాకెట్ ఒకటి నెత్తిమీద ఉంది, బయట మగ్గం పని చేసే కారిగర్లు దొరకలేదు. బాపును అడిగితే ఈడ దారం నిలవదని మొహం తిప్పుకున్నాడు. నాకు తిక్క రేగింది. లోపల దాచుకున్నదంతా కక్కేశాను. నువ్వు పోతే నేను బాపూ అని ఎవర్ని పిలవాలి అన్నాను. నీళ్ళు నడుముదాకా వచ్చినా తెలియనంతగా ఆ గుంట నీ కళ్ళు మూసేసిందా అన్నాను.

బాపు నావైపు తిరిగాడు.

"తెల్వక కూసున్ననా బిడ్డా? గుంటల నీళ్ళు రాంగనే తెల్సింది. లేస్తే మళ్ళ నువ్వు నన్ను ఎన్నడు ఆడ కూసోనియ్యవని సుత తెల్సింది. అందుకే జరసేపు కూసున్న."

ఆ రోజు మెట్రోలో నేను వేసుకున్న పందెంలో నాతో పాటు నీళ్ళే పరిగెత్తాయనుకున్నాను. మా బాపు ఆ గుంటలో తన చివరి గంటను కుట్టుకుంటున్నాడని నాకు తోచలేదు. షాపు వదిలి మెట్లు దిగిపోయాను. ఎటు పోతున్నానో తెలియకుండా వాలు వెంబడి కొంతదూరం నడిచాను. పల్లానికి పోవడం కాళ్ళకు తేలిక కదా. రోడ్డు పక్కన ప్లాస్టిక్ సామాన్ల షాపు కనిపించింది. పిల్లలకు నీళ్ళు పోసే వెడల్పాటి తొట్టి ఒకటి కొన్నాను. నీలం రంగుది.

పైకి తెచ్చి, నీళ్ళు నింపి, ఆయన స్టూలు కిందికి తోశాను. బాపు తొట్టివైపు చూశాడు. పంచె కాస్త పైకి లాక్కుని ఒక పాదం పెట్టాడు, తర్వాత రెండోది. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఫ్రేము దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పెళ్ళి జాకెట్ పూర్తయింది. దారం తెగుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. ఆయన మాట్లాడకుండా మళ్ళీ గుచ్చుకుంటున్నాడు. చాచా వచ్చి తొట్టిలో కదులుతున్న కాళ్ళు చూసి పకపకా నవ్వాడు. బాపు కూడా నవ్వాడు.

మా అంతస్తులో పంపు సరిగ్గా రాదు. నీళ్ళు కింద సంపు నుంచి తెచ్చుకోవాలి. రోజూ షాపు తెరవగానే బకెట్లు పట్టుకుని దిగి, నింపి, రెండంతస్తులు ఎక్కుతాను. దారిలో ఆగి ఆయాసం తీర్చుకుంటుంటే, ఇన్నేళ్ళు ఈ నీళ్ళు ఆయన దగ్గరికి రాకుండా కాపలా కాసిందీ నేనే కదా అనిపిస్తుంది. మెట్ల మలుపులో కిటికీ ఉంది, అందులోంచి పడమర కనిపిస్తుంది. చూడకుండా ఉండలేను, చూస్తాను. తర్వాత బకెట్ ఎత్తుకుని లోపలికి పోతాను. బాపు అప్పటికే స్టూలు ఎక్కి, పాదాలు తొట్టిలో పెట్టుకుని, నాకోసం ఎదురుచూస్తుంటాడు. నేను పోయడం మొదలుపెడతాను. చీలమండలు మునగగానే చాలా అని అడుగుతాను.

"ఇంక జర పొయ్యి బిడ్డా" అంటాడు.

పోస్తాను.